తెలుగు డీటీపీలో పాత కంప్యూటర్ వ్యవస్థలు

తెలుగు డీటీపీలో పాత కంప్యూటర్ వ్యవస్థలు అనగా తయారీదారుల మద్దతు ముగిసిన తరువాత కూడా తెలుగు అక్షరకూర్పు, ముద్రణ పనులలో వాడుకలో నిలిచిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు, సాఫ్ట్‌వేర్లు, ఖతులు, వాటితో ముడిపడిన యంత్రాలు. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7, పేజ్‌మేకర్ 7.0, యూనికోడేతర తెలుగు ఖతులు వీటిలో ముఖ్యమైనవి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలతో పాటు తెలుగు ప్రాంతాలన్నింటిలోని చిన్న ముద్రణాలయాలలో, డీటీపీ కేంద్రాలలో ఈ వ్యవస్థలు దీర్ఘకాలం కొనసాగినవి. దీనికి అలవాటు ఒక్కటే కారణం కాదు. కీబోర్డు, ఖతి, సాఫ్ట్‌వేరు, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రింటరు, పాత ఫైళ్ళు ఒకదానికొకటి గొలుసు వలె ముడిపడి ఉండుట వలన, వాటిలో ఒక్కదానిని మార్చినా తక్కినవన్నీ మార్చవలసి వస్తుంది.

నేపథ్యం

డీటీపీకి పూర్వం తెలుగు అచ్చు పని లెటర్ ప్రెస్సులలో జరిగేది. కంపోజిటర్లు కేసులలోని సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చేవారు. కూర్చిన ఫారాలను ట్రెడిల్ యంత్రంపై అచ్చు వేసేవారు. 1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేయడంతో, ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు ఉన్నచోట పుటను కూర్చగలిగే పద్ధతి మొదలైనది. 1990వ దశకంలో ఈ పద్ధతి తెలుగు పట్టణాలకు విస్తరించినది.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వంటి పట్టణాలలో డీటీపీ కేంద్రాలు సాధారణంగా కోర్టులు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు, బస్టాండుల పరిసరాలలో వెలిశాయి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, రశీదు పుస్తకాలు, ప్రశ్నపత్రాలు, దస్తావేజులు, కవితా సంపుటాలు వీటి ప్రధానమైన పనులు. ఆపరేటరు పుటను కూర్చి, ప్రూఫు దిద్దిన తరువాత ట్రేసింగ్ పేపరుపై లేజర్ ప్రింటు తీస్తారు. దాని నుండి ప్లేటు తయారుచేసి మినీ ఆఫ్‌సెట్ యంత్రంపై అచ్చు వేస్తారు. తక్కువ ప్రతులు కావలసిన పెళ్ళి పత్రికలకు స్క్రీన్ ప్రింటింగ్ వాడతారు.

ఈ పనులకు అను, శ్రీలిపి, ఆకృతి వంటి భారతీయ భాషా సాఫ్ట్‌వేర్లు ఆధారమైనవి. శ్రీలిపిని పుణేకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ సంస్థ రూపొందించినది. తెలుగు పుస్తక ముద్రణలో అను ఖతులు విస్తృతంగా వ్యాపించినవి.

పాత ఖతుల పనితీరు

పాత పద్ధతి ఖతులలో తెలుగు అక్షరాలకు ప్రత్యేకమైన సంకేత సంఖ్యలు లేవు. ఒక ఖతిలో ఉండే 256 స్థానాలలో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన చోట్లలోనే తెలుగు అక్షర రూపాలను, వాటి ముక్కలను అమర్చారు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి భాగాలు వేర్వేరు స్థానాలలో ఉంటాయి. తెరపై అవి పక్కపక్కన చేరి అక్షరంగా కనబడతాయి. కంప్యూటరు దృష్టిలో మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరుస మాత్రమే. ఆ ఖతి లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించడానికి కారణం ఇదే.

ఏ ముక్కను ఏ స్థానంలో ఉంచాలన్న విషయంలో తయారీదారుల మధ్య ఏకత్వం లేదు. అందువలన ఒక సంస్థ ఖతిలో కూర్చిన పాఠ్యం మరొక సంస్థ ఖతిలో చదవడానికి వీలుకాదు.

యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నమైనది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం కేటాయించబడినది. ఇందులో అక్షరం రూపానికి గాక అక్షరానికే సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 'క్తి' అనే అక్షరం క, పొల్లు, త, గుడి అనే నాలుగు సంకేతాల వరుసగా నిలువ ఉంటుంది. వాటిని కలిపి సరైన రూపంలో చూపించడం ఆపరేటింగ్ సిస్టమ్, ఖతి, సాఫ్ట్‌వేరు మూడూ కలసి చేయవలసిన పని. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి ఆ శక్తి లేకపోయినా అక్షరాలు విడిపోతాయి.

ముఖ్యమైన తేదీలు

1985 - పేజ్‌మేకర్ విడుదల.
1991 - యూనికోడ్ తొలి సంచిక వెలువడినది.
1994 - ఆల్డస్ సంస్థ అడోబీలో విలీనమైనది.
1999 - అడోబీ సంస్థ ఇన్‌డిజైన్‌ను విడుదల చేసినది.
2001 - పేజ్‌మేకర్ 7.0, విండోస్ ఎక్స్‌పీ (అక్టోబరు 25) విడుదలైనవి.
2004 - పేజ్‌మేకర్ అభివృద్ధిని అడోబీ నిలిపివేసినది.
2009 అక్టోబరు 22 - విండోస్ 7 విడుదల.
2012 - తెలుగుతో సహా భారతీయ లిపులను కూర్చగల ఇన్‌డిజైన్ సీఎస్6 వెలువడినది.
2014 ఏప్రిల్ 8 - విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ముగిసినది.
2020 జనవరి 14 - విండోస్ 7కు సాధారణ మద్దతు ముగిసినది.
2021 అక్టోబరు 5 - విండోస్ 11 విడుదల.
2025 అక్టోబరు 14 - విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది.

ఈ తేదీలలో గమనించదగినది 2001కి, 2012కి మధ్యనున్న వ్యవధి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతితో యూనికోడ్ తెలుగు 2001లోనే లభించినది. అయితే దానిని పనిచేయించుటకు ప్రాంతీయ అమరికలలో సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. అందుకు సాధారణంగా ఎక్స్‌పీ సీడీ అవసరమయ్యేది. అంతకంటె ముఖ్యంగా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ మద్దతు లేదు. ఇన్‌డిజైన్‌లో అదనపు ప్లగిన్లు లేకుండా తెలుగును సరిగా కూర్చుటకు 2012 వరకు ఆగవలసి వచ్చినది. అనగా కంప్యూటరు యూనికోడ్ నేర్చిన తరువాత పుటను కూర్చే సాఫ్ట్‌వేరు దానిని నేర్చుకొనుటకు సుమారు పదకొండేళ్ళు పట్టినది. ఈలోగా ముద్రణాలయాలలో పాత పద్ధతి ఫైళ్ళు పేరుకుపోయినవి.

పాత వ్యవస్థలు కొనసాగుటకు కారణాలు

కీబోర్డు అలవాటు

తెలుగు డీటీపీలో యాపిల్, మాడ్యులర్, ఇన్‌స్క్రిప్ట్, టైప్‌రైటర్ మొదలగు పలు కీబోర్డు వరుసలు వాడుకలోకి వచ్చినవి. ఒక వరుసలో చేయి తిరిగిన ఆపరేటరు మీటలను చూడకుండానే టైపు చేయగలడు. కొత్త వరుసకు మారితే వేగం పడిపోతుంది. పేజీల లెక్కన కూలి పొందేవారికి వేగం తగ్గడమంటే ఆదాయం తగ్గడమే. పెళ్ళిళ్ళ కాలంలోనో, ఎన్నికల కాలంలోనో ఇటువంటి మార్పు చేసుకొనుటకు అవకాశం ఉండదు. యంత్రం కొనడానికి యజమాని డబ్బు ఖర్చు చేస్తాడు. కొత్త కీబోర్డు నేర్చుకొనే భారం మాత్రం ఆపరేటరుపై పడుతుంది.

పాత ఫైళ్ళు

ముద్రణాలయానికి పాత ఫైళ్ళు పెట్టుబడి వంటివి. పెళ్ళి పత్రికల నమూనాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, పాఠశాలల ప్రగతి పత్రాలు, దస్తావేజుల నమూనాలు ఏటేటా పేర్లు, తేదీలు మార్చి తిరిగి వాడబడతాయి. దస్తావేజు లేఖకుని వద్ద క్రయ, దాన, భాగపరిష్కార పత్రాల ముసాయిదాలు సిద్ధంగా ఉంటాయి. వీటిని కొత్త పద్ధతిలో మళ్ళీ టైపు చేస్తే ప్రతి సరిహద్దు వివరాన్ని, ప్రతి సర్వే నంబరును తిరిగి సరిచూడవలసి ఉంటుంది. అందులో దొర్లే ఒక్క అంకె తప్పు భూమి తగాదాకు దారితీయవచ్చు. ఈ భయం వలన కూడా పాత ఫైలునే తెరిచి సవరించుట పరిపాటి.

యంత్రాలు, డ్రైవర్లు

ప్రింటరు, స్కానరు పనిచేయాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన డ్రైవరు అవసరం. పాత యంత్రానికి తయారీదారు కొత్త డ్రైవరు ఇవ్వని పక్షంలో, చక్కగా పనిచేస్తున్న ప్రింటరును పక్కన పెట్టవలసి వస్తుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. 32 బిట్ విండోస్ కొరకు వ్రాసిన డ్రైవర్లు కూడా అందులో పనిచేయవు. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. కొన్ని భారతీయ భాషా సాఫ్ట్‌వేర్లు నకళ్ళను అరికట్టుటకు హార్డ్‌వేర్ తాళంతో వచ్చేవి. కంప్యూటరు వెనుక ప్యారలల్ పోర్టుకు తగిలించే ఆ తాళాలకు నేటి కంప్యూటర్లలో సాధారణంగా చోటు లేదు.

ఖర్చు

విండోస్ ఎక్స్‌పీకి కనీస అవసరం 64 ఎంబీ మెమరీ, 32 బిట్ విండోస్ 7కు 1 జీబీ, విండోస్ 11కు 4 జీబీ. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, నిర్ణీత జాబితాలోని ప్రాసెసరు కూడా ఉండాలి. కనుక పాత కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటి మార్చుకొనుట సాధ్యం కాక, పూర్తిగా కొత్త యంత్రం కొనవలసి వస్తుంది. దానితో పాటు పేజ్‌మేకర్ స్థానంలో చందా పద్ధతిపై లభించే సాఫ్ట్‌వేరు కొనవలసి వచ్చుట చిన్న కేంద్రాలకు మరొక భారం. అనుమతి లేని నకళ్ళతో పని నెట్టుకొచ్చిన చోట ఈ భారం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

అక్షరాల అందం

పెళ్ళి పత్రికలకు, ముఖచిత్రాలకు విభిన్నమైన అక్షర రూపాలు కావాలి. పాత పద్ధతి ఖతులలో ఈ వైవిధ్యం పుష్కలంగా ఉండగా, యూనికోడ్ ఖతులు తొలినాళ్ళలో అతి తక్కువ. తిరుమల కృష్ణదేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు ఆ తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనవి. తరువాతి కాలంలో సిలికానాంధ్ర కృషితో మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, గురజాడ, సూరన్న మొదలగు ఖతులు ఉచితంగా లభించినవి. అప్పటికి ముద్రణాలయాల అభిరుచి, గ్రాహకుల అలవాటు పాత రూపాల చుట్టూ స్థిరపడి ఉన్నవి.

ఉత్తర తెలంగాణలో బహుభాషా ముద్రణ

మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఆదిలాబాద్ ప్రాంతంలో తెలుగుతో పాటు మరాఠీ, ఉర్దూ, హిందీ, గోండి భాషలు వాడుకలో ఉన్నాయి. నిర్మల్, ఆదిలాబాద్, కరీంనగర్ పట్టణాలలో ఉర్దూ వాడుక ఎక్కువ. ఉర్దూ అక్షరకూర్పుకు 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు ప్రసిద్ధమైనది. పాత పద్ధతిలో తెలుగుకు ఒక ఖతి, మరాఠీకి వేరొక ఖతి, ఉర్దూకు మరొక సాఫ్ట్‌వేరు అవసరం. మూడు భాషల ఆహ్వాన పత్రిక చేయగలిగేలా ఒకసారి సమకూర్చుకొన్న కంప్యూటరును కదిలించుటకు యజమానులు సంకోచించుట సహజం.

నష్టాలు

భద్రత

మద్దతు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్తగా బయటపడిన లోపాలను సరిచేసే నవీకరణలు రావు. 2017 మే నెలలో వన్నాక్రై అనే కార్యక్రమం ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు డిమాండు చేసినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడినవి. ఈ లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి నెలలోనే సవరణ విడుదల చేసినప్పటికీ, దానిని స్థాపించుకోని యంత్రాలు దెబ్బతిన్నవి. మద్దతు ముగిసి మూడేళ్ళు దాటిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్రత్యేకంగా సవరణ ఇవ్వవలసి వచ్చినది.

అంతర్జాలానికి కలపని కంప్యూటరుకు ప్రమాదం లేదని భావించుట పొరపాటు. డీటీపీ కేంద్రానికి రోజూ పలువురి పెన్‌డ్రైవులు వస్తాయి. 2008లో వెలుగుచూసిన కాన్ఫికర్ వంటి పురుగులు పెన్‌డ్రైవుల ద్వారా కూడా వ్యాపించినవి.

శోధన, పునర్వినియోగం

పాత పద్ధతి ఖతిలో ఉన్న పాఠ్యాన్ని అంతర్జాల శోధన యంత్రాలు తెలుగుగా గుర్తించలేవు. అకారాది క్రమంలో పేర్చుట, పదసూచిక తయారుచేయుట, అంధులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు వాడుట సాధ్యం కాదు. తెలుగు దినపత్రికల జాలస్థలులు ఒకప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క ఖతిని వాడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్స్ విహారిణికి పద్మ అనే పొడిగింతను వాడవలసి వచ్చేది.

స్థానిక చరిత్రకు ముప్పు

పేజ్‌మేకర్ వాడుక ఉచ్ఛస్థితిలో ఉన్న కాలమే తెలంగాణ ఉద్యమం మలిదశ సాగిన కాలం. 2001 మే 17న కరీంనగర్‌లో సింహగర్జన సభ జరిగినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. ఈ మధ్యకాలపు కరపత్రాలు, పాటల పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, స్థానిక కవుల సంపుటాలు, ఆలయాల స్థలపురాణాలు ప్రధానంగా డీటీపీలో కూర్చబడినవే. కరపత్రం అచ్చు ప్రతి త్వరగా నశిస్తుంది. ఫైలు మిగిలినా, దానిని తెరవగల సాఫ్ట్‌వేరు, ఖతి రెండూ ఒకేచోట మిగలాలి. ముద్రణాలయం మూతపడి హార్డ్ డిస్కు తుక్కుకు వెళ్ళిన రోజున ఆ పాఠ్యం కూడా పోతుంది. కావున పాత కంప్యూటరును నడిపించుట ఒక విధంగా ఆ ఫైళ్ళను కాపాడుతున్నది. కాని ఆ ఒక్క యంత్రం మీదనే ఆధారపడుట వాటికి అన్నిటికంటె పెద్ద ప్రమాదం.

కొత్త అక్షరాలు, గోండి లిపి

యూనికోడ్‌లో కాలక్రమేణా కొత్త అక్షరాలు చేరుతుంటాయి. తెలుగులోని దంత్య చ, జ లకు 2008లో ప్రత్యేక స్థానాలు లభించినవి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో లభించిన వ్రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో చేరినది. దీనికి నోటో కుటుంబంలో ఉచిత ఖతి ఉన్నది. ఈ లిపికి తగిన కూర్పు నియమాలు ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలలో లేవు. తన జిల్లాలోనే వెలుగుచూసిన లిపిని అచ్చు వేయాలంటే ఆదిలాబాద్ ముద్రణాలయానికి కొత్త వ్యవస్థ తప్పనిసరి.

మార్పిడి పద్ధతులు

పాత పద్ధతి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉచిత ఉపకరణాలు ఉన్నాయి. వీటి పని అక్షరానికి అక్షరం మార్చినంత తేలిక కాదు. పాత ఖతిలో 'క్తి' వ్రాసినప్పుడు గుడి కట్టిన 'కి' మొదట, తకార ఒత్తు తరువాత వస్తాయి. యూనికోడ్‌లో ఒత్తు ముందు, గుడి చివర రావాలి. అందువలన ఉపకరణం వరుసను తిరగవేయాలి. సంయుక్తాక్షరాలలో తప్పులు దొర్లుటకు ఇది ముఖ్య కారణం.

పాఠ్యం మధ్యలో ఇంగ్లీషు పదాలు, అంకెలు ఉంటే మరొక చిక్కు వస్తుంది. తెలుగు ముక్కలు, ఇంగ్లీషు అక్షరాలు ఒకే స్థానాలలో ఉన్నందున, ఏది ఏ భాషయో ఖతి పేరును బట్టి మాత్రమే తెలుస్తుంది. కేవలం పాఠ్యాన్ని నకలు తీస్తే ఆ తేడా చెరిగిపోతుంది. మార్చిన పాఠ్యాన్ని మళ్ళీ ప్రూఫు దిద్దుట తప్పనిసరి.

ఆచరణలో ఉన్న ఇతర మార్గాలు ఇవి:

ఇన్‌డిజైన్ సీఎస్6, అంతకు ముందరి సంచికలు పేజ్‌మేకర్ 6.0 నుండి 7.0 వరకు గల ఫైళ్ళను తెరవగలవు. తరువాతి సంచికలలో ఈ సౌకర్యం తొలగించబడినది.
లిబ్రే ఆఫీస్ 2015 నుండి పేజ్‌మేకర్ ఫైళ్ళను దిగుమతి చేసుకోగలదు. అయితే దీని వలన ఖతి సంకేత పద్ధతి మారదు.
కొత్త కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేరు ద్వారా పాత విండోస్‌ను ఒక కిటికీలో నడపవచ్చు. పాత యంత్రం పాడైనా ఫైళ్ళను తెరిచే వీలు మిగులుతుంది.
యాపిల్, మాడ్యులర్ వంటి పాత వరుసలలోనే యూనికోడ్ తెలుగును టైపు చేయనిచ్చే ఉపకరణాలు వచ్చినవి. ఆపరేటరు కొత్త వరుస నేర్చుకొనే అవసరం వీటివలన తప్పుతుంది.
ఉచిత పుటకూర్పు సాఫ్ట్‌వేరు అయిన స్క్రైబస్ 2024లో వెలువడిన 1.6 సంచిక నాటికి సంక్లిష్ట లిపుల మద్దతును సంతరించుకొన్నది.

పై మార్గాలలో దేనిని అనుసరించినా, ప్రతి ఫైలును ఖతి పేరుతో సహా భద్రపరచుట, దానితో పాటు ముద్రణకు సిద్ధమైన పీడీఎఫ్ ప్రతిని ఉంచుట మేలు. పీడీఎఫ్‌లో ఖతి ఇమిడి ఉంటే ఏ కంప్యూటరులోనైనా పుట యథాతథంగా కనబడుతుంది.

ఇతర రంగాలలో

ఇటువంటి స్థితి తెలుగు ముద్రణకే పరిమితం కాదు. ఇంగ్లీషు టైప్‌రైటర్ కోసం 1870వ దశకంలో ఏర్పడిన అక్షరాల వరుస నేటి కంప్యూటర్లలోనూ కొనసాగుతున్నది. ఒకసారి స్థిరపడిన పద్ధతి తన చుట్టూ ఏర్పడిన నైపుణ్యాల వలన ఎట్లు పాతుకుపోతుందో వివరించుటకు ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1985లో ఈ ఉదాహరణనే తీసుకొన్నాడు. అమెరికన్ నవలా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తాను డాస్ కంప్యూటరులో వర్డ్‌స్టార్ 4.0తో వ్రాస్తానని 2014లో తెలిపాడు. అమెరికా అణ్వాయుధ ఆదేశ వ్యవస్థలో ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కుల వాడుక 2019లో ముగిసినది. ఉత్తర తెలంగాణలోనే, ఆధునిక మగ్గాలు వచ్చిన తరువాత కూడా సిరిసిల్లలో సాధారణ మరమగ్గాలు నడుస్తున్నాయి.

పై ఉదాహరణలన్నింటిలో పాత పరికరం చుట్టూ దానిని నడపగల చేతులు, బాగుచేయగల మనుషులు, దానికి సరిపోయే పని ఉన్నవి. తెలుగు డీటీపీలో కూడా ఇదే జరిగినది. అయితే ఇక్కడ అదనంగా, ఒక ప్రాంతపు రెండు దశాబ్దాల అచ్చు పాఠ్యం ఆ పరికరాలలో ఇరుక్కొని ఉన్నది. యంత్రం మార్చుట ముద్రణాలయపు సొంత వ్యవహారమే అయినా, ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి తెచ్చుట భాషకు సంబంధించిన పని.

ఇవి కూడా చూడండి

యూనికోడ్
తెలుగు లిపి
పేజ్‌మేకర్
విండోస్ ఎక్స్‌పీ
గుంజాల గోండి లిపి
కరీంనగర్ జిల్లా
ఆదిలాబాద్ జిల్లా